మీ అబ్బాయి సెలవు మూడు వారాలు, దవడ ఎముక అడిగేది మూడు నెలలు

ప్రశ్న: నాకు 59 ఏళ్ళు. రిటైరైన స్కూల్ టీచర్ని. మాది పెద్దాపురం దగ్గర పల్లె. కింద కుడివైపు దవడ పళ్ళు రెండు లేవు. వెనకది కదిలిపోతే రెండేళ్ళ క్రితం తీయించేశాను. దాని ముందుది పుచ్చిపోయి మొన్న మాఘమాసంలో తీశారు. ఆ వైపు జ్ఞానదంతం ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఎడంవైపే నములుతున్నాను. డాలస్‌లో ఉండే మా అబ్బాయి సంక్రాంతికి మూడు వారాల సెలవు మీద వస్తున్నాడు. ఆ మూడు వారాల్లోనే ఇంప్లాంట్లు వేయించేస్తానంటాడు. కాకినాడలో చూపిస్తే ఐదారు నెలలు పడుతుందని, ఎముక పొడి కూడా వేయాల్సి రావచ్చని, మొత్తం లక్ష పైనే అవుతుందని చెప్పారు. మా వాడు హైదరాబాద్‌లో 'మూడు రోజుల్లో పళ్ళు' అనే ప్రకటన చూశాడు. నాకు తొమ్మిదేళ్ళుగా షుగర్ ఉంది, మూడు నెలల పరీక్షలో 8.4 వచ్చింది. బీపీ మాత్ర వేసుకుంటాను. ఎముకలు గుల్లబారాయని మూడేళ్ళుగా ఏడాదికోసారి సెలైన్‌లా ఏదో మందు ఎక్కిస్తున్నారు. అంతే, వేరే జబ్బులేమీ లేవు. ఎముకకు డ్రిల్లింగ్ అంటేనే టెన్షన్‌గా ఉంది. మా వారేమో ఈ వయసులో ఇవన్నీ ఎందుకు, తీసిపెట్టుకునే పళ్ళు చాలవా అంటున్నారు. అసలు ఏం చేస్తారు? ఎంత నొప్పి ఉంటుంది? ఎవరి మాట వినాలి?

సమాధానం:

టీచర్ గారూ,

మీరు అడిగినవాటి కన్నా ముందు, మీరు 'అంతే' అని తేల్చేసిన మాట గురించి చెప్పాలి. ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే ఎముకల మందు. అది చాలావరకు జోలెడ్రానిక్ యాసిడ్ అయ్యుంటుంది. ఈ సంగతి కాకినాడ డాక్టరు గారికి చెప్పారా? మీ ఉత్తరం చూస్తే చెప్పలేదేమో అనిపిస్తోంది. ఏం మందులు వాడుతున్నారని అడిగితే ఎవరైనా రోజూ మింగే మాత్రల పేర్లే చెబుతారు. ఏడాదికి ఒక పూట ఆసుపత్రికి వెళ్ళి ఎక్కించుకునేది గుర్తుకే రాదు.

ఆ మందు చేసే పని ఎముక కరిగిపోకుండా ఆపడం. వెన్నుకీ తుంటికీ అది మంచిదే. కానీ దవడలో గాయం మానాలంటే పాత ఎముక కొంత కరగాలి, దాని చోట కొత్తది పుట్టాలి. ఆ కరగడాన్నే మందు అడ్డుకుంటుంది కాబట్టి, కొద్దిమందిలో పన్ను తీసిన చోటో స్క్రూ వేసిన చోటో చిగురు మూసుకోదు. లోపలి ఎముక బయటపడి, చీము పట్టి, నెలల తరబడి సతాయిస్తుంది. క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్ళకు ఇదే మందు మూడు నాలుగు వారాలకోసారి ఇస్తుంటారు. ఈ ప్రమాదం ఎక్కువగా ఉండేది వాళ్ళకే. మీలా ఏడాదికోసారి తీసుకునేవాళ్ళలో అరుదు. మొన్న మాఘంలో పన్ను తీయించుకున్న గాయం మామూలుగా మానిపోయిందనుకుంటాను. అది మంచి గుర్తే, దాని గురించి కూడా డాక్టరుకు చెప్పండి.

దీని వల్ల మీకు ఇంప్లాంట్ వద్దని నేను అనను. అయితే ఈ మాట తెలియకుండా మాత్రం ఎవరూ మీ దవడ మీద చెయ్యి వేయకూడదు. మీ అంతట మీరు ఆ మందు ఆపేయనూ వద్దు. అది ఎముకలో చేరితే ఏళ్ళ తరబడి ఉండిపోతుంది, పది రోజుల ముందు ఆపినా పది నెలల ముందు ఆపినా పెద్ద తేడా రాదు. ఎలాగూ మూడు డోసులు అయ్యాయి. ఇంకా కొనసాగించాలా, కొన్నాళ్ళు విరామం ఇవ్వాలా అని ఎముకల డాక్టరు గారు సాధారణంగా ఆలోచించేది కూడా ఇప్పుడే. ఆయనా, పళ్ళ డాక్టరూ ఒకసారి ఫోన్‌లో మాట్లాడుకునేలా చూడండి. ఇది చదివేవాళ్ళలో ఆరు నెలలకోసారి పొట్ట దగ్గరో చేతికో ఎముకల ఇంజెక్షన్ వేయించుకునేవాళ్ళూ ఉంటారు. ఆ మందు వేరు. దాన్ని డాక్టరుకు చెప్పకుండా ఆపేస్తే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది, కాబట్టి వాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఇక మూడు రోజులా, ఆరు నెలలా అన్న సంగతి. మీ వీధిలో కూడా నలుగురికి ఉపయోగపడే విషయం కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

ఇంప్లాంట్ అంటే పన్ను వేరు ఉండే చోట ఎముకలోకి బిగించే చిన్న టైటానియం స్క్రూ. దాని మీద ఒక పిలక, ఆ పిలక మీద పన్ను ఆకారంలో క్యాప్. మొత్తం మూడు ముక్కలు. ఈ వైద్యానికి ఆధారం 1952లో స్వీడన్ డాక్టరు బ్రోనెమార్క్ కుందేళ్ళ మీద చేసిన పరిశోధన. ఎముకలో రక్తం ఎలా ప్రవహిస్తుందో చూడటానికి టైటానియం పరికరం ఒకటి అమర్చి, పని అయ్యాక తీయబోతే అది రాలేదు, ఎముక దాన్ని పట్టేసుకుంది. 1965లో ఆయన మొదటిసారి ఒక మనిషికి పళ్ళ కోసం టైటానియం స్క్రూలు వేశారు. ఆ రోగి చనిపోయింది 2006లో, అప్పటికీ ఆ పళ్ళు పనిచేస్తూనే ఉన్నాయి. ఇప్పటికీ వైద్యమంతా ఆ పట్టు మీదే ఆధారపడింది. మేము చేసేది స్క్రూ బిగించడం వరకే, దాన్ని పట్టుకోవలసింది మీ ఎముక.

స్క్రూ బిగించిన రోజున అది గట్టిగానే ఉంటుంది. ఆ గట్టితనం గోడలో మేకు గట్టిగా ఉండటం లాంటిదే, కేవలం బిగింపు వల్ల వచ్చింది. తర్వాత రోజుల్లో స్క్రూ చుట్టూ నలిగిన పాత ఎముక కరగడం మొదలవుతుంది. కొత్త ఎముక ఇంకా గట్టిపడి ఉండదు. అందువల్ల మొదటి రోజు ఉన్న పట్టు రోజురోజుకీ తగ్గుతూ వచ్చి, సుమారు మూడు నాలుగు వారాల దగ్గర అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. ఆ తర్వాతే కొత్త ఎముక పట్టు అందుకుని పెరుగుతుంది. కింది దవడలో దాదాపు మూడు నెలలకు, పైదవడలో నాలుగు నుంచి ఆరు నెలలకు నమలడానికి సరిపడా అవుతుంది. అంటే మీ అబ్బాయి తిరుగు ప్రయాణం విమానం ఎక్కే రోజుకి మీ స్క్రూలు ఎప్పుడూ లేనంత బలహీనంగా ఉంటాయన్నమాట.

మూడు రోజుల ప్రకటన అబద్ధమని కాదు. పళ్ళన్నీ పోయినవాళ్ళకు నాలుగో ఆరో స్క్రూలు వేసి, అన్నిటినీ కలిపి ఒకే వంతెనలా కట్టి, వెంటనే తాత్కాలిక పళ్ళు పెట్టే పద్ధతి ఉంది. బరువు అన్నిటి మీదా పడుతుంది కాబట్టి ఏ ఒక్కటీ కదలదు. ఎముక బాగా అరిగిపోయినవాళ్ళకు ఇంకా లోతుగా, గట్టి ఎముకలోకి పొడవాటి స్క్రూలు దింపే పద్ధతి కూడా ఉంది. ముందు పన్ను ఒక్కటి పోయిన, వయసులో ఉన్నవాళ్ళకు అదే రోజు అందానికి ఒక పన్ను పెట్టి పంపడమూ మామూలే, దానితో కొరకవద్దని చెబుతాం. మీకు పోయినవి దవడ పళ్ళు. నోట్లో నమిలే బలం ఎక్కువగా పడేది అక్కడే. పక్కనున్న మీ పళ్ళు బాగానే ఉన్నాయి. ఆ మూడు రోజుల వైద్యం కోసం మీకు ఎవరైనా 'ఈ బాగున్న పళ్ళు కూడా తీసేస్తే మొత్తం సెట్టు ఒకేసారి పెట్టేయొచ్చు' అని చెబితే, చెప్పులేసుకుని వచ్చేయండి.

మరి మీ అబ్బాయి రాక వృథాయేనా అంటే, కాదు. అతను వచ్చాకే మొదటి పని మొదలుపెట్టాలని కదా అనుకుంటున్నారు, అలా కాకుండా అతను వచ్చేసరికి ఆఖరి పని మాత్రమే మిగిలేలా చూసుకోండి. ఇప్పుడు స్కూళ్ళు తెరిచే రోజులు. వినాయక చవితి లోపు షుగర్ దారికి తెచ్చుకుంటే, దసరాకు ముందే స్క్రూలు వేయించుకోవచ్చు. అక్కడి నుంచి మూడు నెలలు దాటి కొన్ని రోజులయ్యేసరికి సంక్రాంతి. అప్పుడు కొలతలు తీసుకుని క్యాపులు పెట్టడానికి పది పదిహేను రోజులు చాలు. డబ్బు అతనే కడతానంటే క్యాపుల ఖర్చు అప్పుడు కట్టొచ్చు. ఎముక పొడి వేయాల్సి వస్తే మాత్రం లెక్క ఇంకొంచెం సాగుతుంది, సంక్రాంతి కాస్తా ఉగాది అవుతుంది. కానివ్వండి, ఆ రోజున అబ్బాయి వీడియో కాల్‌లో చూస్తాడు.

షుగర్ సంగతి చెప్పేశాను కానీ దాని మీదే చాలా ఆధారపడి ఉంది. 8.4 మీద నేనైతే స్క్రూ వేయను. ఏడుకు దగ్గరగా, కనీసం ఏడున్నర లోపు ఉంటే గాయం మానే తీరు మామూలు వాళ్ళకు దాదాపు దగ్గరగానే ఉంటుంది. ఎనిమిది దాటితే ఇన్ఫెక్షన్ భయం, ఎముక సరిగా పట్టదన్న భయం రెండూ ఉంటాయి. ఆపరేషన్ రోజు పొద్దున గ్లూకోమీటర్‌లో 130 వచ్చిందని మురిసిపోవడం కాదు, మూడు నెలల సగటు దిగాలి. రెండు పూటలా నడక, రాత్రి అన్నం తగ్గించడం, మీ డాక్టరుతో మందు మార్పించుకోవడం, వీటికి రెండు మూడు నెలలు సరిపోతాయి. ఈలోపు చిగుళ్ళు శుభ్రం చేయించుకోండి. వెనక పన్ను కదిలిపోయి తీయించానన్నారు కదా. పుచ్చకుండా పన్ను కదిలిందంటే సాధారణంగా చిగుళ్ళ జబ్బే కారణం. ఆ జబ్బు మిగతా పళ్ళ చుట్టూ ఉండగానే ఇంప్లాంట్ వేస్తే, అదే చీము రేపు దాని చుట్టూ చేరుతుంది.

ఇప్పుడు మీ వారి మాటకు వద్దాం. ఆయన అడిగింది తీసిపారేయాల్సిన మాట కాదు. వయసు అడ్డం కాదు, డెబ్భై దాటినవాళ్ళకూ వేస్తాం. కానీ ఇంప్లాంటే దిక్కు అన్నట్టు మాట్లాడటమూ సరికాదు. మీకు ఉన్న దారులు చూడండి. అటూ ఇటూ పళ్ళను అరగదీసి మధ్యలో పన్ను వేలాడదీసే బ్రిడ్జి మీకు కుదరదు, వెనక ఆధారానికి పన్నే లేదు. తీసిపెట్టుకునే సెట్టు కుదురుతుంది, ఖర్చు బాగా తక్కువ, కోత లేదు. కాకపోతే వెనక పట్టు లేని సెట్టు నమిలేటప్పుడు లేస్తుంది, కింద మెతుకులు చేరతాయి, చాలామంది నెల తిరక్కుండానే డబ్బాలో పెట్టేస్తారు. కొందరు మాత్రం ఏళ్ళ తరబడి హాయిగా వాడుకుంటారు. ఎముకల డాక్టరు వద్దంటే మీకు అదే సరైన దారి, అందులో చిన్నతనమేమీ లేదు.

ఇంకో దారి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. రెండు పోయాయి కాబట్టి రెండూ వేయాలనేముంది? నమలడానికి ముఖ్యమైనది ముందుది, అంటే మొన్న తీయించినది. ఆఖరి పన్ను లేకుండా సుబ్బరంగా తినేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక్క ఇంప్లాంట్ చాలదా అని కాకినాడ డాక్టరు గారిని సూటిగా అడగండి. అప్పుడు ఆయన పైపళ్ళు చూస్తారు. కింద పన్ను లేక రెండేళ్ళుగా పై పన్ను ఖాళీలోకి దిగి ఉంటే దాన్ని కాస్త అరగదీయాలా, రెండోది కూడా వేయడమే మేలా అని చెబుతారు. మీ నోరు చూడకుండా నేను తేల్చేది కాదు గానీ, అడగడం వల్ల సగం ఖర్చు, సగం కోత తగ్గవచ్చు.

మీరు భయపడుతున్న డ్రిల్లింగ్ రోజు ఎలా ఉంటుందో చెబుతాను. ముందే ఒకరోజు స్కాన్ తీస్తారు. నిలబెట్టి తల చుట్టూ మిషన్ తిప్పుతారు, నిమిషం కూడా పట్టదు. దీన్ని ఎగ్గొట్టి మామూలు చిన్న ఎక్స్‌రేతో కానిచ్చేస్తామంటే ఒప్పుకోకండి. కింది దవడలో పెదవికి స్పర్శనిచ్చే నరం ఒక గొట్టంలా వెళుతుంది. స్క్రూకీ దానికీ కనీసం రెండు మిల్లీమీటర్ల దూరం ఉందో లేదో, ఎముక వెడల్పు ఎంతో ఆ స్కాన్‌లోనే తెలుస్తుంది. పన్ను తీసిన చోట ఎముక ఊరికే ఉండదు, మొదటి ఏడాదిలోనే వెడల్పు సగం దాకా తగ్గిపోవచ్చు. మీకు రెండేళ్ళ క్రితం పన్ను తీసిన చోటే పొడి అవసరం ఎక్కువ. ఆ పొడి గురించి ఒక మాట. మార్కెట్లో దొరికే వాటిలో కొన్ని ఆవు ఎముక నుంచి తయారైనవి, కొన్ని పూర్తిగా రసాయనికంగా చేసినవి. మీకు పట్టింపు ఉంటే ముందే అడగండి. రెండో రకం తెప్పించడం కష్టమేమీ కాదు.

ఆ రోజు టిఫిను తిని, షుగర్ డాక్టరు వేరేగా చెప్పకపోతే షుగర్, బీపీ మాత్రలు ఎప్పటిలాగే వేసుకుని వెళ్ళండి. ఖాళీ కడుపుతో వెళ్ళాల్సింది పూర్తి మత్తు ఇచ్చినప్పుడు. ఇది పన్ను తీసేటప్పుడు ఇచ్చిన సూదిమందుతోనే అయిపోతుంది. ముఖం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పి నోటి దగ్గర మాత్రమే తెరిచి ఉంచుతారు. కొందరికి ఊపిరాడనట్టు అనిపించేది ఇక్కడే, చెయ్యెత్తితే తీస్తారు, మొహమాటపడకండి. డ్రిల్లు మీరనుకునేది కాదు. పన్ను పుచ్చు తీసేటప్పుడు కీచుమనే ఆ సన్న శబ్దం ఉండదు. ఇది నెమ్మదిగా తిరుగుతుంది, గుర్రుమనే లావు శబ్దం, దవడంతా కొంచెం అదురు. ఎముక వేడెక్కితే చచ్చిపోతుంది కాబట్టి సెలైన్ నీళ్ళు ధారగా పోస్తూనే ఉంటారు. అవి గొంతులోకి చేరుతున్నట్టు అనిపిస్తుంది, పక్కనే పైపు పెట్టి లాగేస్తుంటారు. సన్న డ్రిల్లుతో మొదలుపెట్టి ఒక్కో సైజూ పెంచుతూ వెళ్ళి, చివర్లో స్క్రూ పెట్టి చిన్న రెంచీతో బిగిస్తారు. 'టక్ టక్' మని వినిపిస్తుంది. అది ఎముక విరిగిన చప్పుడు కాదు, రెంచీ పళ్ళ చప్పుడు. ఒక్కోదానికి అరగంట నుంచి గంట. అయ్యాక చాలామంది చెప్పేది డ్రిల్లు గురించి కాదు, అంతసేపు నోరు తెరిచి ఉంచడం వల్ల దవడ కీళ్ళు లాగుతున్నాయనే.

నొప్పి పన్ను పీకించుకున్నప్పటి కన్నా ఎక్కువేమీ ఉండదు, తరచూ తక్కువే. ఎముక పొడి వేస్తే వాపు ఎక్కువ ఉంటుంది. వాపు అదే రోజు కాదు, రెండో మూడో రోజున బాగా కనిపించి తర్వాత తగ్గుతుంది. బుగ్గ మీద, ఒక్కోసారి మెడ దాకా పసుపు, ఊదా రంగు మచ్చలు దిగుతాయి. ఇంటికొచ్చినవాళ్ళు హడలిపోతారు గానీ వారం పదిరోజుల్లో అవే పోతాయి. మొదటి రోజంతా బయటి నుంచి ఐసు పెట్టండి, గట్టిగా ఉమ్మకండి, పుక్కిలించకండి. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు మెల్లగా నోట్లో తిప్పి వదిలేయండి. వారం పదిరోజులకు కుట్లు తీస్తారు.

తిండి విషయంలో ఒక జాగ్రత్త ఎవరూ చెప్పకపోవచ్చు. రెండు రోజులు మీరు సరిగా తినరు, షుగర్ మాత్ర మాత్రం వేసుకుంటారు. మధ్యాహ్నానికి చెమటలు పట్టి షుగర్ పడిపోవచ్చు. అందుకని నమలక్కర్లేని తిండి ముందే సిద్ధం చేసుకోండి. చల్లారిన రాగి జావ, పాలలో నానిన ఇడ్లీ, మెత్తగా చిదిమిన పప్పన్నం, పెరుగన్నం బాగుంటాయి. పెరుగన్నంలో పోపు వద్దు, ఆవగింజ ఒకటి కుట్టులోకి దూరితే దాన్ని తీయడం మీ వల్ల కాదు. మాత్ర తగ్గించాలా అని షుగర్ డాక్టరును ముందు రోజే అడిగి పెట్టుకోండి. మీకు కిళ్ళీ, వక్క అలవాటు ఉంటే మానేయాలి. పొగతాగేవాళ్ళకు ఇంప్లాంట్ ఊడిపోయే అవకాశం తాగనివాళ్ళ కన్నా సుమారు రెట్టింపు. ఇది మీకు కాదు, చదివే మగవాళ్ళకు.

సూదిమందు తిమ్మిరి సాయంత్రానికి పోవాలి. మర్నాడు పొద్దున లేచేసరికీ కింది పెదవి, గడ్డం మొద్దుబారే ఉంటే, 'ఇంకా మత్తు దిగలేదేమో' అని రెండు రోజులు చూడకండి. పొద్దునే ఫోన్ చేయండి. స్క్రూ నరం మీద ఒత్తుతుంటే ఒకటి రెండు రోజుల్లో వెనక్కి తీసేస్తే నరం కోలుకునే అవకాశం బాగుంటుంది, వారాలు గడిస్తే అది సన్నగిల్లుతుంది. అలాగే నాలుగో రోజు దాటాక నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, చీము వాసన వచ్చినా, జ్వరం వచ్చినా వెళ్ళి చూపించాలి.

ఆ తర్వాత మూడు నెలలు ఏమీ జరగదు. నిజంగా ఏమీ జరగనట్టే ఉంటుంది, అందుకే జనం దారి తప్పుతారు. నొప్పి లేదు కదా అని నాలుగో వారంలో అదే వైపు జంతికలు కొరుకుతారు. మన ఊళ్ళలో వరి నాట్లు చూసేవారికి చెప్పక్కర్లేదు. నాటిన కొత్తలో నారు పచ్చగానే ఉంటుంది, తర్వాత వారం వాడి పడుతుంది, వేరు తన్నుకున్నాకే మళ్ళీ లేస్తుంది. వాడిన వారంలో చేలోకి ఎవరినీ దిగనివ్వరు కదా. మీరూ అంతే, క్యాప్ పెట్టేదాకా ఎడంవైపే.

మూడు నెలల తర్వాత చిగురు తెరిచి స్క్రూ మీద చిన్న మూత పెడతారు, ఒక్కోసారి అది మొదటిరోజే పెట్టేస్తారు. తర్వాత క్యాపుకు కొలతలు తీసి ల్యాబ్‌కు పంపుతారు. క్యాప్ పెట్టిన మొదటి రోజుల్లో పక్క పన్నును నెట్టుతున్నట్టు బిగుతుగా ఉంటుంది, అది పోతుంది. కొరికినప్పుడు ముందుగా అదొక్కటే తగులుతుంటే మాత్రం సర్దుకుపోకండి, వెళ్ళి అరగదీయించుకోండి. మన సొంత పన్నుకు వేరు చుట్టూ మెత్తని పొర ఉంటుంది, రాయి తగిలితే చటుక్కున తెలుస్తుంది. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. ఎంత బలంగా కొరుకుతున్నామో సరిగా తెలియదు. నాటుకోడి ఎముక నమలడం వంటి సరదాలు ఆ వైపు వద్దు. క్యాపును సిమెంటుతో అతికిస్తారా, స్క్రూతో బిగిస్తారా అని కూడా అడగండి. కుదిరినచోట స్క్రూ రకం నాకిష్టం. అవసరమైతే విప్పి చూడొచ్చు, చిగురు కింద సిమెంటు ముక్క మిగిలిపోయి చీము పట్టే గొడవ ఉండదు.

ఇంప్లాంట్ పుచ్చదు. అందుకని తోమక్కర్లేదని కొందరు అనుకుంటారు. చుట్టూ ఉన్న చిగురు, ఎముక మీవే, వాటికి జబ్బు వస్తుంది, అదీ నొప్పి లేకుండా వస్తుంది. పక్క సందులో దూర్చే చిన్న బ్రష్ ఒకటి కొనుక్కుని రోజూ రాత్రి వాడండి. ఆరు నెలలకోసారి చూపించుకోండి. ఇంత చేస్తే పదేళ్ళ తర్వాత కూడా వందలో తొంభైకి పైగా ఇంప్లాంట్లు నిలబడే ఉంటున్నాయి.

డబ్బు దగ్గర లక్ష పైన అన్నది ఆశ్చర్యపడే మాట కాదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఒక ఇంప్లాంట్ క్యాపుతో కలిపి కంపెనీని బట్టి పాతిక వేల నుంచి యాభై అరవై వేల దాకా ఉంటోంది, పొడి ఖర్చు వేరు. అమెరికాలో ఇదే ఒక్కోటి నాలుగైదు వేల డాలర్ల దాకా అవుతుంది, మీ అబ్బాయి తొందర అందుకేనేమో. ఆరోగ్య బీమాలు ప్రమాదంలో పళ్ళు పోతే తప్ప దీనికి సాధారణంగా ఇవ్వవు. మీరు అడగాల్సింది ఆ లక్షలో ఏమేం కలిసి ఉన్నాయని. స్కాన్, పొడి, పిలక, క్యాప్ అన్నీ కలిపా, విడిగానా? ఎముక పట్టక ఊడిపోతే మళ్ళీ వేయడానికి ఎంత? కాగితం మీద రాయించుకోండి. ఇంప్లాంటాలజీ అని విడిగా ఎండీఎస్ (పళ్ళ వైద్యంలో పీజీ) బ్రాంచి లేదు కాబట్టి, డాక్టరు గారు ఏ ఎండీఎస్ చేశారు, ఇలాంటివి ఎన్నాళ్ళుగా వేస్తున్నారు అని అడగడం అమర్యాదేమీ కాదు. ఖర్చు మరీ భారమైతే డెంటల్ కాలేజీల పీజీ విభాగాల్లో బాగా తక్కువకు చేస్తారు. సమయం ఎక్కువ పడుతుంది, తిరగాలి.

స్క్రూ వచ్చే డబ్బా మీద చిన్న స్టిక్కర్ ఉంటుంది, కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరుతో. దాన్ని అడిగి తీసుకుని పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి. ఏడెనిమిదేళ్ళ తర్వాత మీరు డాలస్‌లో మనవళ్ళ దగ్గర ఉండగా లోపలి చిన్న స్క్రూ వదులైతే, అక్కడి డాక్టరు దాన్ని బిగించడానికి ఏ కంపెనీదో తెలియాలి. ఒక్కో కంపెనీకీ ఒక్కో రెంచీ. స్టిక్కర్ లేకపోతే రెండు నిమిషాల పని కాస్తా క్యాప్ పగలగొట్టేదాకా వెళుతుంది.

ఈ వారంలో మీరు చేయాల్సింది డెంటల్ క్లినిక్‌కు వెళ్ళడం కాదు. ఎముకల మందు ఎక్కించినప్పటి కాగితాలు మూడేళ్ళవీ వెతికి తీయండి, మందు పేరు, ఆఖరిసారి ఎక్కించిన తేదీ చూసుకోండి. వాటితో ముందు ఎముకల డాక్టరును, తర్వాత షుగర్ డాక్టరును కలవండి. వినాయక చవితికి మూడు నెలల పరీక్ష మళ్ళీ చేయించి, ఎంత వచ్చిందో నాకు రాయండి.